నేసిన చీరకు ఒక ఫొటో

పోచంపల్లి,
10 జనవరి 1999

తమ్మీ ఐలేశం,

ఉత్తరం విప్పగానే "అక్క ఏదో అడగడానికే రాసింది" అనుకుంటావు. అవును, అడగడానికే. నాకు ఒక కెమెరా కావాలి. బయట ఎండలో ఫొటో మంచిగా పడాలి, ఇంట్లో మనుషులను తీసినా పడాలి. నువ్వు రోజూ లేతు మిషన్ల మధ్య ఉండేవాడివి, ఏది కొనాలో నీకే తెలుస్తుంది.

ఎందుకో చెబుతాను, నవ్వకు. ఇక్కడ కొత్తగా పెట్టిన చేనేత సంఘానికి డిజైన్లు గీసే మనిషి ఒకరు కావాలట. ఆ మనిషి గీసిందే నలభై మగ్గాల మీద నేస్తారు. జూన్ నెలాఖరుకు ఎంపిక. పని కావాలనేవాళ్లు తాము గీసిన చీరలు ఆరు చూపించాలి. చీరలు లేకుంటే రంగు ఫొటోలు చూపించాలి.

పన్నెండేళ్లుగా నేను గీస్తున్నాను, మీ దుర్గయ్య బావ నేస్తున్నాడు. ఒక్క చీర కూడా నా దగ్గర లేదు. మగ్గం మీద నుంచి దింపిన పొద్దే సావుకారి పోచయ్య మనిషి వచ్చి మడత పెట్టుకుని పోతాడు. నూలు ఆయనది కాబట్టి చీర ఆయనది. డిజైను ఎవరిదని ఎవరూ అడగరు. జూన్ లోపల మా మగ్గం నుంచి మూడు రకాలు దిగుతాయి, పక్కిండ్లలో నేను గీసి ఇచ్చినవి మరో మూడు దిగుతాయి. అవి చేయి దాటకముందే ఫొటో తీసి పెట్టుకోవాలి.

స్టూడియోకు పో అంటావేమో. ఈ ఊరి స్టూడియో పోచయ్య తమ్ముని కొడుకుది. పొద్దున ఫొటో దిగితే సాయంత్రానికి ఆయన చేతిలో ఉంటుంది. పైగా ట్యూబులైటు కింద నా చిలకపచ్చ బూడిద అవుతుంది. మా రంగులు ఎండలోనే చూడాలి.

మా అత్తకు కూడా ఒక ఫొటో తీయాలి. ఓటు కార్డు మీద తప్ప ఆమె బొమ్మ ఎక్కడా లేదు. అడిగితే "నా మొకం సూసి ఎవడన్న మగ్గం కొంటడా" అంటుంది.

బావ నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. రాశాను.

అక్క ప్రమీల


పాలమూరు,
24 జనవరి 1999

అక్కా,

నీకు ఆ పని ఇవ్వకపోతే ఆ సంఘానికి కండ్లు లేవని ముందే రాసిపెడుతున్నాను. ఆరు చీరలు చూపించమనడానికి వాళ్లకు సిగ్గుండాలి. నేసినవాళ్ల ఇంట్లో ఆరు చీరలు ఉంటాయా? మన నాయిన ముప్పై ఏళ్లు తువ్వాళ్లు నేశాడు, తుడుచుకోవడానికి చినిగిన లుంగీ ముక్క వాడాడు. అందుకే నేను పదేళ్లకే మగ్గం గుంటలోంచి లేచి వచ్చేశాను. సరే, ఇది నా పాత జబ్బు. కెమెరా సంగతికి వస్తాను.

మూడు రకాలు చూశాను. ఒకటి ప్లాస్టిక్‌ది, రీలు వేసేది. ఆరడుగుల దూరంలో మనుషులు నిలబడితే పడతారు. కొంగు దగ్గరికి పోయి తీస్తే అలికినట్టు వస్తుంది. వద్దు. రెండోది జపాన్‌ది, అదీ రీలుదే, ముందున్న అద్దాన్ని తిప్పి సరిచూసుకోవాలి. దాన్ని చూపించమంటే దుకాణదారు నా చేతుల నూనె మరకలు చూసి "నీకు గదెందుకు తమ్మీ, గీ చిన్నది తీస్కపో" అన్నాడు. "నువ్వు అమ్మెటోనివి, నేను మిషన్ పట్టెటోన్ని. సప్పుడు చేయకుంట తియ్యి" అన్నాను. తీశాడు. మంచి మిషనే, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ రీలు కడిగేది హైదరాబాదులో. అక్కడ కడిగేవాడు తన ఇష్టమొచ్చినట్టు రంగు మారుస్తాడు. మా దోస్తు ఆజం చెల్లె పెండ్లి ఆల్బం చూశాను. ఒకటే ఎర్ర చీర ఒక ఫొటోలో నారింజ, ఇంకో ఫొటోలో వంకాయ. పైగా ముక్కూ మొహం తెలియనివాడు నీ డిజైను చూస్తాడు.

మూడోది డిజిటల్. దీనికి రీలే లేదు. తీసిన వెంటనే వెనక చిన్న తెర మీద బొమ్మ కనబడుతుంది. బాగాలేకుంటే తుడిచేసి మళ్లీ తీయొచ్చు. తర్వాత తీగ పెట్టి కంప్యూటర్‌లోకి దించి కాగితం మీద అచ్చు తీయాలి. ఆజంకు ఇక్కడ కంప్యూటర్ సెంటర్ ఉంది. అంటే నువ్వు, నేను, ఆజం తప్ప నాలుగో మనిషి కన్ను పడదు. కొత్తది కొనాలంటే నేను మళ్లీ పుట్టాలి. మా సేటు హమీద్ భాయి బామ్మర్ది సౌదీ నుంచి తెచ్చి, కింద పడేసి, సెల్లులు పెట్టే మూత విరగ్గొట్టాడు. "కచరల వెయ్" అంటున్నాడు. లోపల అంతా బాగానే ఉంది. మూతకు ఒక రాగి రేకు చేసి బిగిస్తే పని అయిపోతుంది. చౌకగా అడుగుతాను.

నా మాట డిజిటల్‌కే. నీ మాట రాయి.

ఐలేశం


పోచంపల్లి,
7 ఫిబ్రవరి 1999

తమ్మీ,

నువ్వు దుకాణదారుతో పెట్టుకున్న కొట్లాట చదివి మీ బావ "వీడు లేతు మీద ఇనుము కోస్తడా, నోటితోనే కోస్తడా" అన్నాడు. ఆయన ఒక మాట అనడమే ఎక్కువ, మెచ్చుకున్నట్టు అనుకో.

రీలు లేకుంటే బొమ్మ ఎక్కడ ఉంటుందో నాకు అర్థం కాలేదు, అర్థం కావాల్సిన పనీ లేదు. నాకు రంగు కావాలి. ఈ ఉత్తరంలో నాలుగు నూలు పోగులు మడిచి పెట్టాను. ఎరుపు, చిలకపచ్చ, నీలం, పసుపు. నేనే అద్దినవి. ఎండలో తెల్ల కాగితం మీద పెట్టి ఫొటో తీయి. అచ్చు తీసిన కాగితం పక్కన మళ్లీ ఆ పోగులే పెట్టి చూడు. సరిపోతే కొను. సరిపోకపోతే సౌదీది అయినా మక్కాది అయినా వద్దు.

పోగులు పారేయకు, తిరిగి పంపించు.

ప్రమీల


పాలమూరు,
27 ఫిబ్రవరి 1999

అక్కా,

దుకాణాల్లో ఎంతోమందిని అడిగాను, ఒక్కడు కూడా నీలాగా కెమెరాకు పరీక్ష పెట్టలేదు. ఆజం అయితే "మీ అక్కను నా సెంటర్ల మాస్టర్‌గ పెట్టుకుంట" అన్నాడు.

ఎరుపు సరిపోయింది. పచ్చ సరిపోయింది. పసుపు సరిపోయింది. నీలం కొంచెం ఊదా వైపు పోతోంది. పొద్దున పది గంటల లోపల తీస్తే తక్కువ పోతోంది, మిట్టమధ్యాహ్నం ఎక్కువ పోతోంది. కాబట్టి నీలం చీర పొద్దున్నే తీయి. కెమెరా కొన్నాను. రాగి రేకు బిగించాను, ఇక ఏనుగు తొక్కినా ఊడదు.

మా వర్క్‌షాపు వ్యాను పదిహేను రోజులకోసారి భువనగిరి రైసుమిల్లులకు సామాన్లు వేయడానికి వస్తుంది. డ్రైవర్ ఇస్రాయేలు నీ గడప దాకా తెచ్చి ఇస్తాడు, నువ్వు తీసిన తర్వాత మళ్లీ వచ్చినప్పుడు తీసుకొస్తాడు. ఇరవై ఫొటోలు పడతాయి, అంతే. నాలుగు పెన్సిల్ సెల్లులు కావాలి. ఊరికే తెర చూస్తూ కూర్చుంటే ఇరవై నిమిషాల్లో చస్తాయి. ఎండలో తెర కనబడదు, తల మీద తువ్వాల కప్పుకుని చూడాలి. మనుషులను తీసేటప్పుడు సూర్యుని వైపు నిలబెట్టకు, కండ్లు మూస్తారు. పక్క నుంచి ఎండ పడాలి.

పోగులు ఇందులోనే ఉన్నాయి. మూడే అనుకోకు, పసుపు మడతలో ఉంది.

ఐలేశం


పోచంపల్లి,
21 మార్చి 1999

తమ్మీ,

ఇస్రాయేలన్న చేతిలో కెమెరా పంపిస్తున్నాను. పద్దెనిమిది తీశాను. నాలుగు చీరలు, మిగతావి ఇంట్లో వాళ్లు. వెనక వాకిట్లో తాడు కట్టి, చీర దాని మీద వేసి, తువ్వాల కప్పుకుని తీశాను. పక్కింటి ఆమె గోడ మీద నుంచి చూసి "ప్రమీలకు జరమొచ్చిందా, ఆవిరి పడుతాంది" అని మా అత్తను అడిగిందట.

అత్త నిలబడనంది. నూలు కండెలు చుట్టుకుంటుంటే చూడకుండా తీశాను. తెలిసి తిట్టింది. తర్వాత తెర చూపించమంది. చాలాసేపు చూసింది. సెల్లులు అందుకే అయిపోయాయి.

చీరలు ఎట్లా పడ్డాయో నిజం చెప్పు. నాకు ఆ చిన్న తెరలో కొంగు ఏదో అంచు ఏదో తెలియడం లేదు.

ప్రమీల


పాలమూరు,
11 ఏప్రిల్ 1999

అక్కా,

ఆలస్యం ఎందుకైందో చెబుతాను, చదువు. కెమెరా వచ్చిన రోజే ఆజం దగ్గర పెద్ద తెర మీద చూశాను. నీ చీరల్లో ఒక్క గీత తిన్నగా లేదు. చిలక ముక్కు చెదిరింది. గళ్ల అంచులు ఈకలు లేచినట్టు ఉన్నాయి. నేను నూలు మందంలో పదో వంతు తేడా వస్తే ఇనుప ముక్క పారేసేవాడిని, నాకు గీత అంటే గీత. వ్యానులో గుంతలకు అద్దం కదిలిందనుకున్నాను. ఇస్రాయేలుతో కొట్లాడాను, పాపం ఒడిలో పెట్టుకుని తెచ్చాడట. సేటు బామ్మర్ది దగ్గరికి పోయి చెడిపోయినదాన్ని అంటగట్టావని అరిచాను. ఆయన కూడా అరిచాడు. తర్వాత రెండు ఆదివారాలు అద్దం విప్పి, తుడిచి, మళ్లీ బిగించాను. లోపల ఏ లోపమూ దొరకలేదు.

అంటే లోపం చేతిది. నీ చేయి వణుకుతోంది. ఊపిరి బిగబట్టి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, అప్పుడు నొక్కు. ఇది నేర్చుకోవాల్సిన పని, సిగ్గుపడకు. జూన్‌కు ఇంకా టైముంది. మళ్లీ తీయి.

కెమెరా ఇస్రాయేలుకే ఇచ్చాను. నాతో మాట్లాడటం లేదు గానీ తెస్తాడు.

ఐలేశం


పోచంపల్లి,
18 ఏప్రిల్ 1999

ఐలేశం,

వెంట్రుకంత పోగును లెక్కతప్పకుండా వెయ్యి చోట్ల కట్టే చేయి నాది. అది వణికిందని రాశావు.

నువ్వు తువ్వాళ్లు నేసే ఇంట్లో పుట్టి, పదేళ్లకు పారిపోయి, మగ్గమంతా తెలుసనుకుంటున్నావు. మా పని వేరు. నేయకముందే నూలు మీద బొమ్మ ఉంటుంది. రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీతో బిగించి కట్టి రంగులో ముంచుతాం. ఆ కట్టునే చిటికి అంటాం. ఎంత బిగించినా కట్టు చివర రంగు కొంచెం లోపలికి పాకుతుంది. నేసేటప్పుడు పోగు పోగూ వెంట్రుకవాసి జరుగుతుంది. అందుకే చిలక ముక్కు అట్లా ఉంటుంది. అట్లా ఉంటేనే చేత్తో చేసింది. తిన్నగా ఉంటే మిల్లులో అచ్చు గుద్దింది. హైదరాబాదులో అవి కుప్పలు పోసి అమ్ముతున్నారు, పోయి ఒకటి కొనుక్కో.

నమ్మకం లేకుంటే అదే ఫొటోలో తాడు కట్టిన మేకు చూడు. దాని తల తిన్నగా ఉందా లేదా? ఉంటే నీ అద్దం బాగుంది, నా చేయి బాగుంది, నీ బుద్ధే బాగాలేదు. బామ్మర్దికి, ఇస్రాయేలన్నకు ఏం చెబుతావో చెప్పుకో.

మళ్లీ తీశాను. తాడు మీద వేస్తే ఉతికి ఆరేసినట్టు ఉందని వేరే ఉపాయం చేశాం. నీలం చీర పొద్దున్నే తీశాను. చూస్తే నీకే తెలుస్తుంది.

ప్రమీల


పాలమూరు,
2 మే 1999

అక్కా,

మేకు తల తిన్నగా ఉంది. బామ్మర్దికి చాయ్ తాగించాను. ఇస్రాయేలుకు బిర్యానీ తినిపించాను, అయినా "మీ అక్క నీకన్న మంచిగ తిడుతది" అంటున్నాడు. నిన్ను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రాతలో ఉంది కాబట్టి సాక్ష్యం కూడా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈసారి నువ్వు పంపిన ఫొటోలు చూశాను. హంసల నీలం పట్టుచీర కట్టుకుని వెనక వాకిట్లో నిలబడ్డావు. నువ్వు, అక్కా. పెండ్లప్పుడు కూడా బట్టల కొట్టు చీరే కట్టావు. మగ్గం గుంటలో కూర్చున్నవాళ్లు పట్టు ముట్టుకోవడమే గానీ కట్టుకోవడం ఉండదని నేను ఎన్నిసార్లు పండ్లు కొరుక్కున్నానో నీకు తెలుసు. చివరికి నేసిన మనిషి నేసింది కట్టింది. ఈ లోకంలో ఒక్కటైనా సరిగ్గా జరిగిందనిపించింది.

నేను ఊరుకోలేదు. జిల్లా పేపరుకు వార్తలు రాసే అతను ఆజం సెంటర్‌కు వస్తుంటాడు. ఫొటో ఇచ్చాను. నిన్న వేశాడు. కింద "తాను నేసిన పట్టుచీరలో పోచంపల్లి నేతకారిణి ప్రమీల" అని ఉంది. కత్తిరించి పంపుతున్నాను, సంఘం వాళ్ల ముందు పెట్టు. డిజైను నీదని ఇక పాలమూరు జిల్లా మొత్తానికీ తెలుసు.

గర్వంతో,
ఐలేశం


పోచంపల్లి,
9 మే 1999

ఐలేశం,

ఆ చీర నాది కాదు. మీ పాలమూరులోనే ఒక రైసుమిల్లు వాళ్ల ఇంట్లో పెండ్లికూతురు కోసం పోచయ్య ప్రత్యేకంగా నేయించింది. అట్లాంటిది ఇంకొకటి లేదు.

పరిస్తే కెమెరాలో సగమే పట్టింది. వేలాడదీస్తే ఉతికినట్టు ఉంది. అందుకే నా నూలు చీర మీదుగానే చుట్టుకుని, తలుపులు వేసి, ఐదు నిమిషాలు నిలబడ్డాను. మీ బావ తీశాడు. వెంటనే విప్పి మడత పెట్టాను. ఆ సాయంత్రమే పోచయ్యకు ఇచ్చాం. ఆయన పెండ్లివాళ్లకు ఇచ్చాడు.

పెండ్లికూతురు కట్టే చీర ముందు ఇంకొకరు కట్టకూడదు. ఇది నీకు తెలియదా? వాళ్లు పేపరు చూశారు. పోచయ్య మొన్న మా ఇంటికి వచ్చాడు. "కట్టినవా, కట్టలేదా, ఒక్క మాట చెప్పు" అన్నాడు. నేను "పెండ్లివాండ్లు ఏమంటున్రు" అని అడిగాను. "వాండ్ల ముసలమ్మ గా చీరే అంటాంది, పిల్ల గసుంటిదే ఇంకోటేమో అంటాంది" అన్నాడు. తేలేదాకా కొత్త నూలు ఇవ్వనన్నాడు. మగ్గం మీద ఉన్న పడుగు అయిపోతే ఖాళీ.

నాది కాదని చెప్పలేదు కదా అంటావు. నువ్వు అడగలేదు. స్టూడియోకే పోనని రాసినదాన్ని పేపరులో వేయమంటానా?

పోచయ్యకు సంఘంలో ఇద్దరు చుట్టాలున్నారు. ఈ సంగతి తేలకుండా ఎంపికకు పోతే నన్ను గుమ్మం దగ్గరే ఆపుతారు.

ప్రమీల


పాలమూరు,
16 మే 1999

అక్కా,

నీ ఉత్తరం చదివి అన్నం తినలేదు. తప్పు చేసినవాడు ఒప్పుకోవాలి, దాక్కోకూడదు. అందుకని పెండ్లి ఎవరింట్లోనో కనుక్కుని, పొద్దున్నే ఆ రైసుమిల్లు వాళ్ల ఇంటికి పోయాను. గేటు దగ్గర ఆపారు. అక్కడే నిలబడి చెప్పాను. "ఫొటో ఇచ్చింది నేను. మా అక్క తప్పు లేదు. నూలు చీర మీద చుట్టుకున్నది గని ఒంటికి తగిలియ్యలేదు. ఐదు నిమిషాలే. పట్టు పాడు కాలేదు. నేసినామె చెయ్యి తగలని చీర ఎక్కడన్న ఉంటదా, అమ్మా?" అన్నాను.

ముసలమ్మ విన్నది. లోపలికి పోయింది. పెండ్లికూతురు వచ్చి "మీ అక్కకు మస్తు మంచిగుంది గా చీర" అని చెప్పి పోయింది. నాకైతే వాళ్లకు అర్థమైందనిపించింది. ఇక పోచయ్య నోరు మూసుకుంటాడు. ధైర్యంగా ఉండు.

ఐలేశం


పోచంపల్లి,
30 మే 1999

తమ్మీ,

వాళ్లకు బాగానే అర్థమైంది.

నువ్వు పోకముందు ముసలమ్మకు అనుమానం మాత్రమే ఉంది. పిల్ల అట్లాంటిదే ఇంకొకటని వాదిస్తోంది. రెండు రోజులైతే పిల్ల మాటే నెగ్గేదట. నువ్వు గేటు ముందు నిలబడి కట్టిందని సాక్ష్యం చెప్పి వచ్చావు. మర్నాడే చీర తిప్పి పంపారు.

పోచయ్య వచ్చి ఆ చీర మా గడపలో విసిరేశాడు. "కట్టిన సుఖం నీది, ఖరీదు గూడ నీదే" అన్నాడు. మగ్గం మీద సగం నేసిన పడుగు కోయించి తీసుకుపోయాడు. మీ బావ ఇప్పుడు ఊరి అవతల ఇంకొకరి మగ్గం మీద కూలికి నేస్తున్నాడు. ఇంటికి వచ్చి కూడా నిన్ను ఒక్క మాట అనలేదు. "సత్తెం చెప్పిండు గద" అన్నాడు, అంతే.

నేను అంటాను. ఇకమీదట నా కోసం ఎవరింటికీ పోకు. పోచయ్యను కొట్టడానికి వస్తానని రాయబోతావు, రాయకు. ఆజం దగ్గర ఆరు ఫొటోలు పెద్దవిగా అచ్చు తీయించి పంపు. హంసల చీర కట్టుకున్నది కూడా పంపు. దాచేది ఏముంది ఇంకా.

ఆ ఫొటో మాత్రం నాకు తెర మీద కాక కాగితం మీద పెద్దగా కావాలి. దాంట్లో ఒకటి చూసుకోవాలి.

ప్రమీల


పాలమూరు,
13 జూన్ 1999

అక్కా,

కొట్టడానికి వస్తానని రాశాను. చింపేశాను.

ఆరు ఫొటోలు పంపిస్తున్నాను. ఒక్కొక్కటి నాలుగుసార్లు అచ్చు తీయించి, నీ పోగుల రంగులు గుర్తుపెట్టుకుని, దగ్గరగా ఉన్నది ఏరాను. ఆజం డబ్బులు తీసుకోలేదు. కెమెరా కూడా పెట్టాను, కొత్త సెల్లులు వేశాను. ఇక అది నీ దగ్గరే ఉండనీ. అది నా చేతిలో ఉంటే ప్రమాదం, నా నోరు అంతకంటే ప్రమాదం.

నీకు పని రాకపోతే అది నా వల్లే. ఆ మాట తిప్పి తిప్పి చెప్పడం నాకు రాదు. రాసేశాను.

తమ్ముడు


పోచంపల్లి,
4 జూలై 1999

తమ్మీ ఐలేశం,

జూన్ నెలాఖరుకన్న ఎంపిక కాస్త జరిగి మొన్న అయింది. ఎట్లా జరిగిందో వరుసగా చెబుతాను, మధ్యలో కోపం తెచ్చుకోకు.

పొద్దున నేను ఫొటోలు, గ్రాఫ్ కాగితాలు సంచిలో పెట్టుకుని బయలుదేరబోతుంటే మా అత్త గుర్వమ్మ పెట్టె తెరిచి హంసల చీర తీసింది. "కట్టుకుంటవా" అని అడిగింది. "ఇంత లొల్లి అయినంక నాకొద్దత్తా" అన్నాను. "అయితె నేను కడత" అంది. నవ్వులాటకు అనుకున్నాను. తలుపేసుకుని కట్టుకుని వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, నలభై ఏళ్లు కండెలు చుట్టిన మనిషి, ఆ నీలం చీరలో వచ్చి "నడువు" అంది. ఊరి నడిమధ్య నుంచి పోయాం. మగ్గాల చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగడం నాకు వినబడింది.

సంఘంలో ఐదుగురు కూర్చున్నారు. నాకంటే ముందు ముగ్గురు మగవాళ్లు చూపించి పోయారు. నేను ఫొటోలు బల్ల మీద పరిచాను. పోచయ్య చుట్టం హంసల ఫొటో పక్కకు నెట్టి "ఇది పేపర్లకెక్కిన చీర గద. ఒకల సొమ్ము కట్టుకున్నామెకు సంఘం పని ఎట్ల ఇస్తం" అన్నాడు.

నేను మాట్లాడబోయేలోపే అత్త ముందుకు వచ్చింది. "ఏమయ్యా, నువ్వు పుట్టినప్పుడు ఉయ్యాల బట్ట మా ఇంటినుంచే వచ్చింది, యాదికుందా? ఇప్పుడు గా చీర మాదే, ఖరీదు మా మీదనే పడ్డది. ఫొటో ఎందుకు నూకుతవ్, నన్ను సూడు" అంది. ఒకరిద్దరు నవ్వారు. సెక్రటరీ సారు పెద్దాయన, ఆయనా నేతగాడే. "పెద్దమ్మా, జర గిట్ల తిరుగు" అన్నాడు. అత్త తిరిగింది. అందరూ లేచి వెనక్కి వెళ్లి కొంగు చూశారు.

అప్పుడు నేను చెప్పాను. "సారూ, గీ డిజైన్ల తప్పున్నది." పని అడగడానికి వచ్చి తన తప్పు తానే చూపించే మనిషిని వాళ్లు చూసి ఉండరు. కొంగు మొదట్లో నేను గీసిన పెద్ద హంస మెడ భుజం మడతలోకి పోతోంది. వెనక నుంచి చూస్తే తోక తప్ప ఏం కనబడదు. కాగితం మీద చూస్తే తప్పు లేదు, నేల మీద పరిస్తే తప్పు లేదు. మనిషి కట్టి నిలబడితేనే తెలుస్తుంది. నువ్వు పెద్దగా తీయించి పంపిన ఫొటోలో పట్టుకున్నాను. అత్త వీపు మీద వేలు పెట్టి చూపించాను. "జానెడు కిందికి దించాలె. దించి గీసిన" అని కొత్త గ్రాఫ్ కాగితం బల్ల మీద పెట్టాను. "పన్నెండేండ్ల సంది గీస్తున్న. కట్టి చూసింది ఒక్కటే చీర. మిగతా అన్నిట్ల ఏమేం తప్పులు పోయినయో దేవునికెరుక. నాకు పని ఇస్తే ప్రతి డిజైను ముందు ఒకటి కట్టి చూస్త, ఆ తర్వాతనే నలభై మగ్గాలకు ఇస్త. గది ఒప్పుకుంటెనే ఇయ్యుండ్రి" అన్నాను.

పోచయ్య చుట్టం "కట్టిన చీర అమ్ముడుపోతదా" అన్నాడు. సెక్రటరీ సారు "నలభైట్ల ఒక్కటి పోతె పోనీ, ముప్పై తొమ్మిదన్న సక్కగుంటయి గద" అన్నాడు. ఒక గంట బయట కూర్చోబెట్టారు. తర్వాత పిలిచి పుస్తకం తీసి పేరు చెప్పమన్నారు. అలవాటుగా మీ బావ పేరు మొదలుపెట్టాను. అత్త నా మోచేయి గిచ్చింది. నా పేరు చెప్పాను.

పని వచ్చింది, తమ్మీ. సోమవారం నుంచి పోతున్నాను. నూలు కూడా సంఘమే ఇస్తుంది కాబట్టి మీ బావ మన మగ్గం మీదికి తిరిగి వచ్చాడు. నీ వల్ల పోయిందేదీ లేదని రాయను, సగం పడుగు పోయింది, నాకు పది రోజుల నిద్ర పోయింది. నీ వల్ల వచ్చింది కూడా రాస్తున్నాను. రెండూ పెట్టుకో.

కెమెరాలో ఇరవై నిండాయి. అన్నీ మా అత్తే. వాకిట్లో, మగ్గం దగ్గర, పక్కింటి ఆమెతో, అన్నం తింటూ. మిగతావాళ్లం ఎవరం పట్టలేదు. ఎప్పుడు తీయమన్నా తనే వచ్చి నిలబడుతోంది.

ఇవాళ్టికి మూడు రోజులు. అత్త ఇంకా ఆ చీరలోనే కండెలు చుడుతోంది. పట్టు మాసిపోతుంది, మార్చుకోమని మీ బావ కూడా చెప్పి చూశాడు. "నలభై ఏండ్లు చీరలు మాయకుంట ఇచ్చిన. ఒక్కటి నన్ను మాపనియ్యుండ్రి" అంటోంది.

ప్రమీల